పికప్ మారిందా, చెవి మారిందా?

ఈవేళ పికప్‌ల గురించి మాట్లాడుకుందాం. అయితే "ఏ పికప్ మంచిది" అన్న ప్రశ్న జోలికి నేను పోను. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పేవాళ్ళ దగ్గర మామూలుగా అమ్మడానికి ఒక పికప్ కూడా ఉంటుంది. ఈవేళ్టి ప్రశ్న వేరే. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక గిటారిస్టుకి ప్రాణం లేచొచ్చినట్టు అనిపించిన పికప్పే, నలభై అయిదేళ్ళకి అదే మనిషికి చిరాకు ఎందుకు పుట్టిస్తుంది? మనిషి ఎదిగాడా, చుట్టూ పరికరాలు మారాయా, లేక చెవి మొద్దుబారిందా? మూడూ ఉన్నాయి. ఏది ఎంతవరకో తెలిస్తే కొంత డబ్బు మిగులుతుంది. చెవి సంగతిలో అయితే డబ్బుకంటే విలువైనదే మిగులుతుంది.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం రెండు మాటల్లో పికప్ అంటే ఏమిటో చెప్పేస్తాను. ఇదిగో, కెమెరా దగ్గర పెడుతున్నాను, కనిపిస్తోందా? కింద అయస్కాంతం. దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ, కొన్ని వేల చుట్లు. పైన ఉక్కు స్ట్రింగ్ ఆడుతుంటే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, ఆ కదలికకి ఈ చుట్లలో చిన్న కరెంటు పుడుతుంది. అంతే. ఇందులో మైకు లేదు. మీ చెక్క వాసన, మీ మనసులో బాధ, ఏవీ దీనికి నేరుగా వినపడవు, స్ట్రింగ్ ఎలా ఆడిందో అదే దీనికి తెలుసు.

ఒక్క సూత్రం మాత్రం గుర్తుపెట్టుకోండి, ఈవేళంతా దాని చుట్టూనే తిరుగుతాం. చుట్లు పెంచితే శబ్దం పెరుగుతుంది, కానీ పై స్వరాల మెరుపు తగ్గుతుంది. చుట్లు తగ్గిస్తే మెరుపు వస్తుంది, బలం తగ్గుతుంది. ప్రతి పికప్‌కీ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గొంతు లేస్తుంది, దాన్ని రెజొనెంట్ పీక్ అంటారు. కేబుల్ కూడా తగిలించాక ఈ పీక్ చాలా పికప్‌లకి 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య పడుతుంది. మనిషి చెవి అన్నిటికంటే చురుగ్గా ఉండేది కూడా సరిగ్గా ఆ మధ్యలోనే. అందుకే పికప్ మారిస్తే అంత తేడా తెలుస్తుంది. చెవి మొదట పాడయ్యేదీ అక్కడే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు రుచి మారడానికి వీలే దొరకని ఒకాయన గురించి. చార్లీ క్రిస్టియన్. 1936లో గిబ్సన్ ఈఎస్-150 అనే గిటార్ తెచ్చింది. గిటార్, ఆంప్, వైరు అన్నీ కలిపి 150 డాలర్లు, అందుకే ఆ పేరు. అందులో పికప్ ఇప్పటిలా చిన్న డబ్బా కాదు. గిటార్ పై చెక్క కింద రెండు పెద్ద అయస్కాంతాలు, పైకి కనిపించేది ఒక సన్నటి ఉక్కు పలక. క్రిస్టియన్ 1939 ఆగస్టులో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు, 1942 మార్చిలో పాతికేళ్ళకే క్షయతో పోయాడు. మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ కొద్దికాలంలో జాజ్‌లో గిటార్ అంటే వెనకాల లయ కొట్టే వాయిద్యం అన్న మాట చెరిపేసి, శాక్సోఫోన్ పక్కన కూర్చుని సోలో వాయించే వాయిద్యంగా మార్చేశాడు. ఆయన వేరే పికప్ వెతుక్కోలేదు. వెతుక్కోవడానికి బజారులో ఇంకేముంది గనక?

ఆయన తర్వాత వచ్చిన బార్నీ కెసెల్‌ది ఇంకా తమాషా. ఆయనా ఓక్లహోమా మనిషే. కొత్త కొత్త పికప్‌లు వస్తూనే ఉన్నా, తన ఈఎస్-350లో ఉన్నది తీయించేసి, క్రిస్టియన్ వాడిన ఆ పాత రకం పెట్టించుకున్నాడు. దశాబ్దాలు అదే. అంటే వయసుతోపాటు రుచి మారి తీరాలని రూలేమీ లేదు. కుర్రతనంలో విన్న ఒక గొంతు కొందరి చెవిలో అలా నిలిచిపోతుంది. దాన్ని మొండితనం అంటారా, నిష్ఠ అంటారా, మీ ఇష్టం.

సరే, అసలు కథ 1950లలో మొదలవుతుంది. అప్పటిదాకా ఉన్నవి ఒకే కాయిల్ పికప్‌లు. గిబ్సన్‌లో పీ-90, ఫెండర్‌లో 1951 నుంచి టెలికాస్టర్ పేరుతో, 1954 నుంచి స్ట్రాటోకాస్టర్‌లో వచ్చినవి. వీటితో ఒక బాధ. రాగి చుట్టలు స్ట్రింగునే కాదు, గదిలో ఉన్న కరెంటు హోరుని కూడా పట్టేస్తాయి. అమెరికాలో 60 హెర్ట్జ్, మన దగ్గర 50 హెర్ట్జ్. మన ఫంక్షన్ హాళ్ళలో, చవితి పందిళ్ళలో వాయించినవాళ్ళకి నేను వివరించక్కర్లేదు. ఎర్తింగ్ ఉండదు, జనరేటర్ పక్కనే ఉంటుంది, ఎల్‌ఈడీ లైట్లు మీ నెత్తిమీదే ఉంటాయి. పాట మధ్యలో ఆగితే తుమ్మెదల తుట్టె కదిలినట్టు జుమ్మని వినిపిస్తుంది.

గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ దీనికి 1955లో మందు కనిపెట్టాడు. రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టాడు. రెండోదాని చుట్టుని తిప్పేశాడు, దాని అయస్కాంతం దిశ కూడా తిప్పేశాడు. బయటి హోరు రెండింట్లోనూ ఎదురెదురుగా వచ్చి చచ్చిపోతుంది, స్ట్రింగ్ శబ్దం మాత్రం రెండు తిరకాసుల వల్ల మళ్ళీ ఒకే దిశకి వచ్చి కలుస్తుంది. అదే హంబకర్. 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో పెట్టారు. పేటెంటు 1959లో గాని రాలేదు, అందుకని వెనకాల "పేటెంటుకి దరఖాస్తు చేశాం" అని ఇంగ్లీషులో ఒక చిన్న స్టిక్కర్ అంటించారు. ఆ మూడు మాటల పొడి అక్షరాలే పీఏఎఫ్. ఈనాడు ఆ స్టిక్కర్ ఉన్న ఒక జత పికప్‌లు వేల డాలర్లు పలుకుతాయి.

ఇక్కడ నాకు నచ్చిన విషయం ఏమిటంటే, సెత్ లవర్ ఎవరి టోనూ బాగుచేద్దామని కూర్చోలేదు. ఆయన పని హోరు తీయడం. ఆ లావు, ఆ తీపి, ఇప్పుడు మనం పుస్తకాలు పుస్తకాలు రాసుకునే ఆ గొంతు, రెండు కాయిల్స్ పక్కపక్కన ఉండటం వల్ల ఊరికే వచ్చింది. పైగా అప్పట్లో అవన్నీ ఒక్కలా కూడా ఉండేవి కావు. చుట్లలో తేడా, చేతికి దొరికిన అయస్కాంతం రకంలో తేడా. అందుకే ఒక పీఏఎఫ్ మధురంగా ఉంటుంది, ఇంకోటి బురదలా ఉంటుంది. "పాతది" అన్న ఒక్క మాటతో రెండూ ఒకే ధర పలుకుతాయి.

ఇంకో సంగతి చూడండి. ఆ పికప్‌లున్న సన్‌బర్స్ట్ లెస్ పాల్‌లు అప్పట్లో అమ్ముడుపోలేదు! 1960 తర్వాత గిబ్సన్ వాటిని ఆపేసి కొత్త ఆకారానికి వెళ్ళిపోయింది. 1966లో ఎరిక్ క్లాప్టన్ అలాంటి ఒక గిటార్‌ని మార్షల్ ఆంప్‌లో పెట్టి, గట్టిగా పెంచి జాన్ మేయాల్ ఆల్బంలో వాయించాక గాని లోకానికి దాని సంగతి తెలియలేదు. 1968లో గిబ్సన్ లెస్ పాల్‌ని మళ్ళీ తేవాల్సి వచ్చింది. పికప్ మారలేదు. దాని వెనకాల ఆంప్ మారింది, ఆంప్ మీద వాల్యూమ్ మారింది. నేను రుచి గురించి ఎప్పుడు ఆలోచించినా ఇక్కడికే వస్తాను. పికప్ ఒంటరిగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దాని తర్వాత ఏముందో చూడాలి.

1970లకి వద్దాం. మార్షల్ లాంటి ఆంప్‌లలో డిస్టార్షన్ రావాలంటే వాల్యూమ్ చివరిదాకా పెంచాలి, పెంచితే పక్కింటివాళ్ళు ఊరుకోరు, హాలు యజమాని అసలు ఊరుకోడు. మరి తక్కువ వాల్యూమ్‌లో ఆంప్‌ని రగిలించడం ఎలా? పికప్ నుంచే ఎక్కువ కరెంటు పంపితే సరి. 70ల మొదట్లో లారీ డిమార్జియో అనే ఆయన సూపర్ డిస్టార్షన్ అనే పికప్ తెచ్చాడు. సెరామిక్ అయస్కాంతం, ఎక్కువ చుట్లు. గిటార్ కొన్నాక విడిగా పికప్ కొనుక్కుని మార్చుకోవడం అనే వ్యాపారం అక్కడినుంచే ఊపందుకుంది. తర్వాత కొద్ది ఏళ్ళకే సీమోర్ డంకన్ వచ్చాడు. కుర్రాళ్ళందరూ "ఎంత హాట్?" అని అడగడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అదే అడుగుతున్నారు.

ఆ రోజుల్లోనే ఇంకో పిచ్చి. హంబకర్ మీద ఉండే మెరిసే రేకు మూత ఊడదీయడం. మూత తీస్తే పైస్వరాలు కొంచెం విచ్చుకుంటాయని. తీసి చూస్తే కొన్నిటికి లోపల నల్ల బాబిన్లు, కొన్నిటికి మీగడ రంగు, కొన్నిటికి ఒకటి నలుపు ఒకటి మీగడ. ఆ రంగులు కూడా ఫ్యాషన్ అయిపోయాయి. రెండు మీగడ రంగు బాబిన్ల రూపాన్ని డిమార్జియో అమెరికాలో ట్రేడ్‌మార్క్ చేసుకుంది కూడా! టోన్ పిచ్చి ఎక్కడ ఆగుతుందో, కంటి పిచ్చి ఎక్కడ మొదలవుతుందో మీరే చెప్పండి. అప్పట్లో మూతలు ఊడదీసి పారేసిన తరమే, జుట్టు నెరిశాక, చిలుము పట్టినట్టు కనిపించే మూతలున్న పికప్‌లకి అదనంగా డబ్బు ఇచ్చి కొంటోంది.

ఎడ్డీ వాన్ హేలెన్ గురించి చెప్పకుండా ఈ కాలాన్ని దాటలేం. స్ట్రాట్ ఆకారం ఆయనకిష్టం, దాని గొంతు సన్నగా ఉంటుందని ఇష్టం లేదు. గిబ్సన్ నుంచి తీసిన ఒక హంబకర్‌ని స్ట్రాట్ లాంటి చెక్కలో ఇరికించాడు. ఎక్కువ వాల్యూమ్‌లో పికప్ కీచుమంటుంటే కరిగించిన మైనంలో ముంచాడు. మైనం లోపలికెళ్ళి చుట్లు కదలకుండా పట్టేస్తుంది, కీచు ఆగుతుంది. ఇదేదో ఇంట్లో చేద్దామని మాత్రం పొయ్యి వెలిగించకండి. మైనం అంటుకుంటుంది, వేడి కాస్త ఎక్కువైతే ప్లాస్టిక్ బాబిన్ వంకరపోతుంది. 1978లో ఆయన మొదటి ఆల్బం వచ్చాక పదేళ్ళపాటు అమెరికాలో గిటార్ అంటే వెనక ఒక్క హంబకర్, ఒక్క వాల్యూమ్ నాబ్. 90ల్లో ఆయనే తన పేరు మీద చేయించుకున్న గిటార్లలో మెడ దగ్గర రెండో పికప్, స్పష్టత ఎక్కువున్న పికప్‌లు పెట్టించుకున్నాడు.

ఇప్పుడు అసలు కేసు. డేవిడ్ గిల్మోర్. పికప్ రుచి ఎలా వెళ్ళి ఎలా తిరిగొస్తుందో చూడాలంటే ఈయనకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. 1970లో న్యూయార్క్‌లో ఒక నల్ల స్ట్రాటోకాస్టర్ కొన్నాడు. పింక్ ఫ్లాయిడ్ 70ల రికార్డుల్లో ఎక్కువగా వినిపించేది అదే. ఆ పదేళ్ళలోనే బ్రిడ్జ్ దగ్గరి పికప్‌ని మార్చాడు, ముందు డిమార్జియో, తర్వాత సీమోర్ డంకన్ చుట్టించినది. రెండూ మామూలు స్ట్రాట్ పికప్ కంటే కొంచెం బలమైనవే. గమనించండి, మూడింట్లో ఒక్కటే మార్చాడు. మెడ దగ్గరిది, మధ్యది ముట్టుకోలేదు. కావలసిందేమిటో తెలిసిన మనిషి పని అలా ఉంటుంది.

80లకి వచ్చేసరికి ఫ్లాయిడ్ స్టేజీలు చూశారు కదా, ఆ లైట్లు, ఆ లేజర్లు, ఆ వైర్లు. సింగిల్ కాయిల్‌కి అంతకంటే నరకం ఉండదు. గిల్మోర్ ఎరుపు స్ట్రాట్ పట్టుకున్నాడు, అందులో ఈఎంజీ యాక్టివ్ పికప్‌లు పెట్టించాడు. యాక్టివ్ అంటే, కాయిల్‌లో చుట్లు తక్కువ పెట్టి, లోపలే ఒక చిన్న ఆంప్ సర్క్యూట్ పెట్టి, 9 వోల్టుల బ్యాటరీతో నడుపుతారు. హోరు దాదాపు ఉండదు. పొడుగు కేబుల్ పెట్టినా మెరుపు తగ్గదు. 1987లో మొదలైన టూర్ నుంచి 1994లో పల్స్ కచేరీల దాకా మీరు విన్న ఆ నున్నటి, అద్దంలాంటి గొంతు అదే. అప్పటి ఇంటర్‌వ్యూలు చదివి ఎంతమంది తమ పాత పికప్‌లు పీకి పారేశారో!

2005 జూలై 2, లండన్ హైడ్ పార్క్, లైవ్ 8. ఫ్లాయిడ్ నలుగురూ మళ్ళీ కలిసిన రోజు. గిల్మోర్ మెడలో ఏముంది? ఆ నల్ల స్ట్రాట్. బ్యాటరీ లేదు, హోరు ఉంది, సన్నటి గరుకు ఉంది. తర్వాత సోలో ఆల్బంలకీ, టూర్లకీ అదే. అప్పటికి ఆయన వయసు 59. చివరికి 2019 జూన్‌లో క్రిస్టీస్ వేలంలో ఆ గిటార్ 39 లక్షల 75 వేల డాలర్లకి పోయింది, డబ్బంతా పర్యావరణ సంస్థకి ఇచ్చేశాడు.

దీన్ని చాలామంది "చివరికి నిజమైన టోన్ దగ్గరికి తిరిగొచ్చాడు" అని కథగా చెబుతారు. నేను ఒప్పుకోను. పల్స్ రికార్డింగులు విని ఆ గొంతు నకిలీదని అనగలరా? ఆ స్టేజ్ మీద ఆ పికప్ సరైన పని చేసింది. లైవ్ 8లో ఆయన వాయించింది నాలుగైదు పాటలు, జనం గుండెల్లో ఉన్నది 70ల గొంతు. ఆ రోజుకి ఆ గిటార్ సరిపోయింది. తిరిగిరావడం కూడా ఒక ఎంపికే, మొదటిదానికంటే ఎక్కువ నిజమైనదేమీ కాదు.

క్లాప్టన్‌ది ఇంకో దారి. 60ల్లో హంబకర్. క్రీమ్ రోజుల్లో టోన్ నాబ్ పూర్తిగా తగ్గించి, మూసిన నోటితో పాడుతున్నట్టు ఒక గొంతు తెచ్చేవాడు. 70ల్లో స్ట్రాట్‌కి మారాడు. పాత స్ట్రాట్‌లు కొని, మూడింటి భాగాలు కలిపి బ్లాకీ అని ఒకటి చేసుకున్నాడు. సన్నటి, తేట గొంతు. సరే, రుచి మారిపోయింది అనుకుంటాం కదా? 1988లో ఫెండర్ ఆయన పేరుతో గిటార్ తెచ్చింది. అందులో హోరు రాని లేస్ సెన్సర్ పికప్‌లు, వాటి వెనకాల బ్యాటరీతో నడిచే మిడ్ బూస్ట్ సర్క్యూట్. నాబ్ తిప్పితే మధ్యస్వరాలు 25 డెసిబెల్స్ దాకా ఉబ్బుతాయి. అంటే ఏమిటి? స్ట్రాట్ వాయిస్తూనే, అవసరమైనప్పుడు ఆ పాత హంబకర్ లావు కావాలని! ఇరవై ఏళ్ళ నాటి రుచి జేబులో పెట్టుకునే తిరిగాడు. అత్తారింటికెళ్ళినా పుట్టింటి ఆవకాయ జాడీ వెంట తెచ్చుకున్నట్టు. 2000 తర్వాత ఆ లేస్ సెన్సర్లు పోయి నాయిస్‌లెస్ పికప్‌లు వచ్చాయి, ఆ మిడ్ బూస్ట్ మాత్రం పోలేదు.

మారనివాళ్ళలో బ్రయాన్ మే ఒకడు. 1963లో తండ్రితో కలిసి ఇంట్లో గిటార్ తయారు చేయడం మొదలుపెట్టాడు. పికప్‌లు కూడా సొంతంగా బొత్తాం అయస్కాంతాలతో చేశాడు. స్ట్రింగ్ లాగినప్పుడు అవి వింత చప్పుడు చేసేవి. ఎందుకంటే పక్కపక్క అయస్కాంతాల ధ్రువాలు ఎదురెదురుగా ఉండేవి, స్ట్రింగ్ ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి జరిగినప్పుడు గొంతు తడబడేది. బర్న్స్ ట్రైసానిక్ పికప్‌లు మూడు కొనుక్కున్నాడు, కీచు రాకుండా లోపల అరాల్డైట్ పోశాడు. అవును, మన హార్డ్‌వేర్ షాపుల్లో రెండు ట్యూబులుగా అమ్మే అరాల్డైటే. అరాల్డైట్ పోశాక ఇంక పికప్ విప్పి మార్చేదేముంది? క్వీన్ రికార్డుల్లో చాలావాటికి ఆ మూడే. ఆయనకి కావలసిన రకరకాల గొంతులన్నీ స్విచ్చులతో, చేతిలో ప్లెక్ట్రమ్ బదులు పట్టుకున్న ఆరు పెన్నీల నాణెంతో తెచ్చుకున్నాడు.

మనవాళ్ళ మాట ఒకటి చెప్పాలి ఇక్కడ. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. మామూలు మాండలిన్‌కి నాలుగు జంట తీగలు. మీటగానే చప్పుడు పుట్టి వెంటనే చచ్చిపోతుంది. కర్ణాటక సంగీతంలో గమకం పట్టాలంటే స్వరం నిలవాలి, తీగ లాగాలి. ఆయన జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించాడు. అక్కడ పికప్ పని గట్టిగా మోగించడం కాదు, స్వరాన్ని బతికించి ఉంచడం. గిటార్ వాయించే కుర్రాళ్ళు "సస్టెయిన్ కోసం హాట్ పికప్ కావాలి" అన్నప్పుడల్లా నేను ఆయన రికార్డింగ్ పెట్టి వినిపిస్తాను. ఎంత తేట శబ్దం, ఎంత నిలకడ!

ఇప్పుడు చెవి సంగతి. ఇది కొంచెం శ్రద్ధగా వినండి. పెద్ద శబ్దానికి చెవి దెబ్బతిన్నప్పుడు మొదట పోయేది చాలామందికి 4 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. పికప్ మెరుపు ఉండేదీ దాదాపు అక్కడే అని ఇందాక చెప్పాను. అంటే ముప్పై ఏళ్ళు డ్రమ్స్ పక్కన నిలబడి వాయించిన మనిషి "ఈ పికప్ డల్‌గా ఉంది, ఇంకా బ్రైట్‌ది కావాలి" అన్నాడనుకోండి, పికప్ డల్‌గా ఉందా, వినే యంత్రం డల్‌గా ఉందా అన్నది ముందు తేలాలి. దీనికి తిరకాసు కూడా ఉంది. దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దాలు వినపడవు, కాస్త పెంచగానే ఒక్కసారిగా గుచ్చుకుంటాయి. అందుకే కొందరు వయసు పెరిగేకొద్దీ "మెత్తటి టోన్ ఇష్టపడుతున్నాను, పరిణతి వచ్చింది" అంటారు. పరిణతి వచ్చే ఉండొచ్చు. నొప్పి కూడా అయ్యుండొచ్చు. పీట్ టౌన్‌షెండ్, జెఫ్ బెక్, క్లాప్టన్, ముగ్గురూ తమ చెవుల్లో మోత గురించి, వినికిడి పోవడం గురించి బయటికి చెప్పినవాళ్ళే.

లెక్క చెబుతాను. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు మించకూడదంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. అలా పోతే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. చిన్న గదిలో డ్రమ్ సెట్టు, రెండు ఆంప్‌లు ఉంటే 100 దాటడం పెద్ద విషయం కాదు. మీ రిహార్సల్ పావుగంటలో అయిపోతుందా? కాదు కదా. మ్యుజీషియన్ల ఇయర్‌ప్లగ్‌లు కొనుక్కోండి. వెయ్యి రూపాయలు, రెండు వేలు పెట్టడానికి ఆలోచించేవాళ్ళు, పికప్‌కి పదిహేను వేలు పెడుతున్నారు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ తీయించుకోండి. ఆ గ్రాఫ్‌లో 4 దగ్గర గుంట కనిపిస్తే ఇంక పికప్ మార్చడం కాదు, అలవాట్లు మార్చాలి. పోయింది తిరిగిరాదు, ఉన్నది కాపాడుకోవాలి.

గిటార్ నేర్చుకునే ఒక కుర్రాడి నాన్నగారు మొన్న నన్ను అడిగారు. "వాడికి ఇరవై వేల గిటార్ కొనిచ్చాను సార్, ఇప్పుడు పద్దెనిమిది వేల పికప్‌లు కావాలంటున్నాడు, న్యాయమేనా?" అని. వాడికి పదిహేడేళ్ళు, మెటల్ వాయిస్తాడు, చెయ్యి బాగుంది. గిటార్ తెచ్చాడు. చూస్తే స్ట్రింగులకి తుప్పు, పికప్‌లు స్ట్రింగులకి దాదాపు ఆనుకుని ఉన్నాయి. ఎవరో "దగ్గర పెడితే హాట్" అని చెప్పారట. స్ట్రింగులు మార్చి, చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని కొలిచి, పికప్‌లు రెండు మిల్లీమీటర్ల పైకి దించాం. వాడి మొహం చూడాలి మీరు. బురదలా ఉన్న రిఫ్‌లో ఒక్కో స్వరం విడిగా వినపడింది. ఆ పద్దెనిమిది వేలు వాడు ఇంకా అడుగుతున్నాడు, అది వేరే విషయం. కనీసం ఇప్పుడు ఎందుకు కావాలో చెప్పగలుగుతున్నాడు.

ఆ కుర్రాడి తరానికి ఇంకో మలుపు వచ్చింది. ఇప్పుడు ఆంప్ స్టేజ్ మీద ఉండటం లేదు. మోడలర్‌లో కావలసినంత గెయిన్ ఉంది. పికప్ నుంచి బలం పంపక్కర్లేదు. ఏడు, ఎనిమిది స్ట్రింగులు, బాగా కిందికి దించిన ట్యూనింగ్, అందులో స్వరం స్పష్టంగా వినపడాలి. అందుకే కొత్త మెటల్ కుర్రాళ్ళలో చాలామంది ఔట్‌పుట్ తక్కువున్నవి, తేటగా ఉన్నవి అడుగుతున్నారు. ఫిష్‌మన్ ఫ్లూయెన్స్ లాంటివాటిలో అయితే రాగి తీగ చుట్టడమే లేదు, సర్క్యూట్ బోర్డు పొరల మీద అచ్చు వేస్తారు, ఒక స్విచ్ లాగితే ఇంకో గొంతు. 70ల్లో తాతలు హాట్ పికప్ అడిగింది ఆంప్‌లో గెయిన్ లేక. మనవళ్ళు వద్దంటున్నది గెయిన్ ఎక్కువై. ఇద్దరిదీ తర్కమే.

మీరు పికప్ మార్చాలనుకుంటే, నా దగ్గరికి వచ్చేవాళ్ళకి నేను చెప్పే వరస ఇది. ముందు ఎత్తు సరిచేయండి. ఒక స్క్రూడ్రైవర్, పావు తిప్పు చొప్పున, ప్రతిసారీ వాయించి వినండి. స్ట్రాట్ సింగిల్ కాయిల్స్ అయితే లావు స్ట్రింగ్ వైపు 2.4 మిల్లీమీటర్లు, సన్న స్ట్రింగ్ వైపు 2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. మరీ దగ్గరైతే అయస్కాంతాలు స్ట్రింగుని లాగేసి శ్రుతి తప్పిస్తాయి. కేబుల్ మార్చి చూడండి, పది మీటర్ల కేబుల్ తీసి మూడు మీటర్లది పెడితే కొత్త పికప్ పెట్టినంత తేడా వస్తుంది ఒక్కోసారి. వాల్యూమ్ పాట్ విలువ చూడండి. సింగిల్ కాయిల్‌కి 250కే, హంబకర్‌కి 500కే మామూలు. తారుమారై ఉంటే ఎంత ఖరీదు పికప్ పెట్టినా ఒకటే.

ఇంకొకటి, పెట్టె మీద రాసిన కిలో ఓమ్‌లు చూసి ఔట్‌పుట్ అంచనా వేయకండి. సీమోర్ డంకన్ జేబీ దాదాపు 16 కిలో ఓమ్‌లు ఉంటుంది, పాతకాలం హంబకర్లు 7, 8. రెట్టింపు బలం అనుకుంటారు. జేబీలో వాడిన తీగ ఇంకా సన్నది, సన్న తీగకి రెసిస్టెన్స్ ఎలాగూ ఎక్కువే. నీళ్ళ పైపు సన్నగా ఉందని నీళ్ళు ఎక్కువొస్తాయా?

ఇవన్నీ అయ్యాక కూడా మార్చాలనిపిస్తే తప్పకుండా మార్చండి. తీసినదాన్ని మాత్రం అమ్మకండి, వైర్లు పొట్టిగా కత్తిరించకండి. సీసాలోనో డబ్బాలోనో పెట్టి, ఏ గిటార్‌లోది, ఏ స్థానంలోది, ఏ తేదీన తీశారో చీటీ రాసి ఉంచండి. పదేళ్ళ తర్వాత అది మళ్ళీ కావాలనిపించే అవకాశం చాలా ఉంది, అప్పుడు దానికి "వింటేజ్" అని పేరు పెట్టి ఎవరో మీకే మూడింతలకి అమ్ముతారు.

వచ్చేవారం పాట్లు, కెపాసిటర్లు. సోల్డరింగ్ ఐరన్ దగ్గర పెట్టుకుని చూడండి, కలిసి చేద్దాం. ఉంటానండీ, నమస్తే.